పడక బండిలో, భోజనం ఇంట్లో

పల్లెలో ఉండే స్నేహితుల్ని చూడడానికి క్యాంపర్‌వ్యాన్ వేసుకుని వెళ్లడం మర్యాదేనా అన్న ప్రశ్న మన ఊళ్లలో ఇంకా పెద్దగా రాలేదు. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు మాత్రం అది ఎదురవక తప్పదు. వేసవి సెలవులకు బండి అద్దెకు తీసుకుని స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న హైలాండ్స్ దాకా వెళ్తారు. దారిలో ఎక్కడో ఒక స్నేహితుడి ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి ముందు బండి ఆపి, భోజనానికి లోపలికి వెళ్లి, నిద్రకు మళ్లీ బండిలోకి రావడం ఆ ఇంటివాళ్లకు ఉపకారమా, అవమానమా? ఈ సంవాదంలో మేనమామది ఒక పక్షం, మేనకోడలిది ఇంకో పక్షం. నా మొగ్గు మేనకోడలి వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే మేనమామ అడిగినవాటిలో జవాబు చెప్పకుండా దాటేయదగ్గది ఒక్కటీ లేదు. ఆయన నిలదీయకపోతే ఆమె వాదానికి హద్దులు ఏర్పడేవే కావు.

మేనమామ: అమ్మాయీ, నాకు బండితో పేచీ లేదు. కొండలు చూడ్డానికి వెళ్లినవాళ్లు బండిలో పడుకుంటే నాకేం పట్టింపు? స్నేహితుడి గుమ్మం ముందు బండి నిలబెట్టి అందులో పడుకోవడమే నాకు మింగుడుపడదు. ఇంటికొచ్చిన మనిషికి పక్క వేసి ఇవ్వడమంటే ఆ ఇంటివాడు తన ఇంట్లో కొంత జాగా అతనికి వదలడం. ఆ రాత్రి పిల్లలు హాల్లో పడుకుంటారు, ఇంటావిడ పెట్టె అడుగున దాచిన మంచి దుప్పటి తీస్తుంది, పొద్దున్న వేడినీళ్లు ముందు ఎవరికన్న లెక్క మారుతుంది. ఆదరణ అంటే ఆ ఇబ్బంది పడడమే. మంచం, పొయ్యి, తాగే నీళ్లు, చివరికి మరుగుదొడ్డి కూడా వెంటబెట్టుకుని వాకిట్లో దిగేవాడు 'మీ దగ్గర నాకు కావలసింది ఏమీ లేదు' అని చెప్పకనే చెబుతున్నాడు. ఇవ్వడం ఎంత మర్యాదో, పెట్టింది పుచ్చుకోవడమూ అంతే మర్యాద. పల్లెలో ఉండేవాళ్లకు ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. వాళ్ల దగ్గర పట్నం హంగులు ఉండవు, ఇల్లే ఉంటుంది. ఆ ఇంటినే వద్దన్నాక నువ్వు చూడబోయింది ఎవర్ని?

మేనకోడలు: మావయ్యా, మీరు రెండు వేర్వేరు సంగతుల్ని ఒక్క ముడి వేస్తున్నారు. అన్నం పెట్టడం ఒకటి, పడక ఇవ్వడం ఇంకోటి. మన దగ్గరే ఆ రెండూ ఎప్పుడూ జంటగా నడవలేదు. పాత ఇళ్లకు వీధి అరుగులు ఎందుకు కట్టారు? దారినపోయేవాడు అక్కడే నడుం వాల్చేవాడు, ఇంట్లోంచి మంచినీళ్లో మజ్జిగో వచ్చేవి. లోపలి గదిలో పక్క వేయలేదని ఇంటాయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. గోదావరి లంకల్లో ఆవిణ్ణి ఇప్పటికీ తలుచుకునేది ఏ వేళకు వచ్చినవాళ్లనూ ఆకలితో పంపలేదని. ఎన్ని పరుపులు వేశారని ఎవరూ లెక్క చెప్పరు. పెళ్లికో తిరునాళ్లకో గూడుబండి కట్టుకొచ్చే చుట్టాలు పరుపుచుట్టలు తామే తెచ్చుకునేవాళ్లు. ఎడ్లను విప్పి, బండి కింద గడ్డి పరుచుకుని మగవాళ్లు పడుకుంటే అది ఇంటి యజమానికి చిన్నతనం కాలేదు. ఎడ్లకు కుడితి పెట్టించడం, మనుషులకు విస్తళ్లు వేయించడం ఆయన పూచీ. పడక ఎవరి వీలు వాళ్లది. ఇంకాస్త పెద్ద ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్యగారిది. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన ఆయన దాదాపు వందమంది పరివారంతో, డేరాలతో నడిచారు. ఒక ఇల్లంతా కదిలి వెళ్లినట్టే. అంతమందికీ పడకలు చూసే భారం ఏ ఊరి మీదా వేయలేదు. అంతమాత్రాన ఊళ్లకు ఎడంగా తిరగనూ లేదు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, నీళ్ల వసతి ఎలా ఉందో, అక్కడి జనం ఎలాంటివాళ్లో రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపారు. ఆ రాతలే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. తన డేరాలో తాను పడుకున్న మనిషి ఊళ్లను అంత దగ్గరగా చూడగలిగాడంటే, పడక వేరైనంత మాత్రాన మనుషులు దూరమవుతారన్న మీ మాట నిలవదు.

మేనమామ: నువ్వు చెప్పినవన్నీ అవసరం కొద్దీ జరిగినవి. అప్పుడు బస దొరకదు, దారి సాగదు, పరుపుచుట్ట మోసుకెళ్లక తప్పదు. క్యాంపర్‌వ్యాన్ పుట్టుక అలాంటిది కాదు, దాని వంశం చూడు. గోర్డన్ స్టేబుల్స్ అని బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరుగా చేసి రచయిత అయిన పెద్దమనిషి 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ వాళ్ల చేత 'వాండరర్' అన్న బండి చేయించుకున్నాడు. సరదా కోసం కట్టించుకున్న క్యారవాన్లలో మొదటిది అదేనంటారు. రెండు టన్నులకు దగ్గర బరువు, లాగడానికి రెండు గుర్రాలు, తోలేవాడొకడు, సేవకుడొకడు. ఇంగ్లండ్ దక్షిణాన ట్వైఫర్డ్ నుంచి హైలాండ్స్‌లో ఉన్న ఇన్వర్నెస్ దాకా అందులోనే వెళ్లాడు. హోటల్ గది అవసరం లేదు, రైలు వేళల బాధ లేదు, ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు. అతన్ని లాగింది ఆ స్వేచ్ఛే. అదే సరదాగల వాళ్లు 1907లో క్యారవాన్ క్లబ్ పెట్టుకున్నారు. 1950లో ఫోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాన్ వచ్చింది, మరుసటేడు వెస్ట్‌ఫాలియా సంస్థ దానిలో అమర్చుకునే పడక, అలమర తయారుచేసింది. గుర్రాలు పోయి ఇంజను వచ్చింది కానీ బుద్ధి మారలేదు. ఎవరి గడపా తొక్కకుండా బతకడానికి కట్టిన బండి అది. దాన్ని తీసుకెళ్లి స్నేహితుడి గడప ముందు పెడితే ఆ బుద్ధి దానితోపాటే వస్తుంది.

మేనకోడలు: ఆ వంశంలోనే మీరు వదిలేసిన సంగతి ఒకటుంది మావయ్యా, గుర్రాలు. గుర్రాలు ఉన్నన్నాళ్లు సాయంత్రమయ్యేసరికి లాయం కావాలి, దాణా కావాలి, రెండు టన్నుల బండి కూరుకుపోని గట్టి నేల కావాలి. అంటే రోజూ ఎవరో ఒక రైతునో సత్రం యజమానినో అడిగి తీరాలి. ఎవరి మీదా ఆధారపడనని బయల్దేరిన స్టేబుల్స్ ప్రతి రాత్రీ ఎవరో ఒకరి మన్నన మీదే నిద్రపోయాడు. మోటారు ఆ అవసరాన్ని కొట్టేసింది. ఇవాళ నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్, పైకప్పు మీద సోలార్ పలక ఉన్న వ్యాన్‌లో రోజుల తరబడి ఒక్క మనిషిని పలకరించకుండా తిరగొచ్చు. పొరపాటు అక్కడే మొదలైందని నా నమ్మకం. దాని ఫలితం హైలాండ్స్‌లో కళ్లకు కనబడుతోంది. హైలాండ్ కౌన్సిల్ ప్రాంతం 25 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఉండేది సుమారు 2.35 లక్షల మంది. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది అనుకోండి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణకు ఆ అంకె 312. అంత పలచగా మనుషులున్న చోట, 2015లో నార్త్ కోస్ట్ 500 అని ఒక దారికి పేరుపెట్టి ప్రచారం చేశారు. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై తీరం చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే 516 మైళ్ల దారి, దాదాపు 830 కిలోమీటర్లు. అందులో చాలాచోట్ల ఒక్క బండి పట్టే రోడ్డే. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి మధ్యమధ్య రోడ్డును కాస్త వెడల్పు చేసి ఉంచుతారు. అక్కడ రాత్రి బండి పెట్టుకుని నిద్రపోయేవాళ్లకు అది సముద్రం కనిపించే మంచి చోటు. ఆ ఊరివాళ్లకు అది అంబులెన్స్‌కు, స్కూలు బస్సుకు దారి. యాపిల్‌క్రాస్ అనే ఊరికి వెళ్లే బీలాఖ్ నా బా కనుమ 626 మీటర్ల ఎత్తుకు వంపులు తిరుగుతూ ఎక్కుతుంది. పెద్ద బండ్లకూ, కొత్తగా నడిపేవాళ్లకూ పనికిరాదని కిందే బోర్డు పెట్టారు. అయినా ఎక్కుతారు, మలుపులో ఇరుక్కుంటారు. వీళ్లంతా చెడ్డవాళ్లని నేననను. ఆ ఊళ్లో వాళ్లకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు, అంతే. తెలిసినవాడు ఉంటే బయల్దేరకముందే 'కనుమ ఎక్కకు, షీల్డేగ్ మీదుగా తీరం దారిన రా' అని చెప్పేవాడు. ఫలానావాళ్లింటికి వచ్చినవాళ్లని నలుగురికీ తెలిసిన మనిషి రోడ్డు పక్క చెత్త పారేయడు. పారేస్తే ఆ మాట రేపు స్నేహితుడు పడాలి. మోటారు తెంచేసిన ఆ తాడును మళ్లీ కట్టేది స్నేహితుడి ఇల్లే. అందుకే క్యాంపర్‌వ్యాన్‌కు అన్నిటికన్నా తగిన మజిలీ స్నేహితుడి వాకిలి అంటాను.

మేనమామ: ఆ తాడు రెండో కొస ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా చూడాలి కదమ్మా. పట్నంవాడికి పల్లె ఇల్లంటే చుట్టూ బోలెడు ఖాళీ కనిపిస్తుంది. అక్కడ ఖాళీ అన్నది ఉండదు. ఒక్కో అడుగూ ఏదో పనికి ఉంటుంది. వానకు నానిన పచ్చిక మీద మూడు టన్నుల బండి ఎక్కిస్తే ముందు చక్రాలు గిర్రున తిరిగి బురదలో దిగబడతాయి. ఆ గాడి పూడడానికి ఏడాది పడుతుంది, బండి లాగడానికి పక్కింటాయన ట్రాక్టర్ అడగాలి. ఊరి మురుగు కాలవ ఉండదు, ఇంటి వెనక సెప్టిక్ ట్యాంక్ ఉంటుంది. మీ బండిలో మరుగుదొడ్డి డబ్బాకు పోసే నీలం మందు అందులో పడితే ట్యాంక్‌లో మురికిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చి, మీరు వెళ్లిన వారానికి ఇల్లంతా కంపు కొడుతుంది. ఇంట్లోంచి వైరు లాక్కుని హీటరూ కెటిలూ ఒకేసారి పెడతారు, ఫ్యూజు పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లారంటే అది గొర్రెలు ఈనే కాలం. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని గొర్రెల మధ్య తిరిగే మనిషి పొద్దున్నే మీకు నవ్వుతూ కాఫీ ఇవ్వాలా? ఇంట్లో పడుకునే అతిథి ఒక గది ఆక్రమిస్తాడు. నువ్వు గది మిగిల్చానంటూ వాకిలి, మురుగు, కరెంటు, గేటు నాలుగూ ఆక్రమిస్తున్నావు.

మేనకోడలు: ఇవి నిజమైన కష్టాలే. ఒక్కోదానికీ తెలిసిన విరుగుడు ఉంది, అది అతిథి చేతిలోనే ఉంది. మరుగుదొడ్డి డబ్బా సంగతి ముందు చూద్దాం. దాన్ని క్యాసెట్ అంటారు, పట్టేది 20 లీటర్లకు అటూ ఇటూ. ఇద్దరు మనుషులు వాడితే రెండు మూడు రోజుల్లో నిండుతుంది. ఫార్మాల్డిహైడ్ కలిసిన మందు వాడినవాళ్లు దాన్ని సెప్టిక్ ట్యాంక్‌లో ఒక్క చుక్క కూడా పోయకూడదు. క్యాంప్‌సైట్లలో క్యాసెట్ ఖాళీ చేయడానికి ప్రత్యేకంగా తొట్టి ఉంటుంది, అక్కడికి మోసుకెళ్లాలి. గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంక్ కూడా అంతే, స్నేహితుడి మురుగు గొట్టంలో కాదు. కరెంటుకు చిన్న లెక్క చాలు. ఆ దేశపు ఇంటి ప్లగ్గు 13 యాంపియర్లది, 230 వోల్టుల మీద మూడు కిలోవాట్లకు మించి ఇవ్వదు. రెండు కిలోవాట్ల కెటిల్ మరుగుతున్నంతసేపు హీటర్ ఆపేస్తే ఫ్యూజు పోదు. వైరు చుట్ట మొత్తం విప్పి పరవాలి, చుట్టగా వదిలేస్తే వేడెక్కి కరుగుతుంది. బండి పచ్చిక మీద కాదు, గేటు పక్క కంకర పరిచిన చోట నిలపాలి. అక్కడ జాగా లేదంటే ఆ ఇంటికి బండితో వెళ్లకూడదు. గొర్రెలు ఈనే కాలంలో చేతనైన పని చేయడానికైతే వెళ్లాలి, చుట్టపుచూపుగా వెళ్లకూడదు. ఉన్ని కత్తిరించే రోజులకో, కొండ మీది మందను కిందికి తోలే రోజుకో వెళ్తే రెండు చేతులు ఎక్కువైనా వాళ్లకు సాయమే. ఇంకో సంగతి మీరు చెప్పలేదు, నేనే చెబుతాను. హైలాండ్స్‌లో చిన్న కమతాల్ని క్రాఫ్ట్‌లంటారు. ఇష్టమొచ్చినట్టు గెంటేయకుండా వాటి కౌలుదార్లకు 1886 చట్టంతో రక్షణ వచ్చింది. ఆ కమతాల పైన చాలాచోట్ల ఊరుమ్మడి మేత భూమి ఉంటుంది. స్నేహితుడు సరేనన్నా ఆ బీడులో బండి పెట్టడానికి అతని మాట ఒక్కటే చాలదు, మిగతా వాటాదార్లు కూడా ఉన్నారు. ఇంటి ఆవరణలో ఆగడం వేరు. అక్కడి 1960 నాటి క్యారవాన్ స్థలాల చట్టం ఇంటి ఆవరణలో ఇంటి వాడకంలో భాగంగా ఉన్న బండికి లైసెన్సు అడగదు. మామూలు నేల మీదైతే దారినపోయే ఒక్క బండికి రెండు రాత్రుల దాకా ఒప్పుతుంది, అదీ ఆ నేల మీద ఏడాదికి మొత్తం 28 రోజులు మించకుండా. 2003 భూసంస్కరణ చట్టం స్కాట్లాండ్‌లో నడిచేవాళ్లకూ గుడారం వేసుకునేవాళ్లకూ చాలా నేలల మీద హక్కిచ్చింది, మోటారు బండికి మాత్రం ఇవ్వలేదు. ఎక్కడ ఆగాలన్నా బండి ఎవర్నో ఒకర్ని అడగాల్సిందే. అడగక తప్పనప్పుడు, మనం ముఖం ఎరిగిన మనిషిని అడగడం మంచిది కాదా?

మేనమామ: సరే, ఇంకోటి చెప్పు. ఆ పల్లెల్లో వేసవి నాలుగు నెలల రాబడి మీద ఏడాదంతా గడిపే కుటుంబాలున్నాయి. గది అద్దెకిచ్చి పొద్దున్న టిఫిను పెట్టేవాళ్లు, నాలుగు బండ్లకు చోటిచ్చే క్యాంప్‌సైట్ వాళ్లు. ఇన్వర్నెస్‌లో సూపర్ మార్కెట్ ముందు ఆగి వారానికి సరిపడా సరుకులు నింపుకుని, స్నేహితుడి వాకిట్లో ఊరికే పడుకుని వెళ్లిపోయేవాడివల్ల ఆ ఊరికి ఏం మిగిలింది? బస మీద పన్ను వేసుకోవడానికి కౌన్సిళ్లకు 2024లో చట్టం తెచ్చారు. డబ్బిచ్చి బస చేసినవాడే అదీ కట్టేది.

మేనకోడలు: ఈ ఆక్షేపణకు నేను సగం తలవంచుతాను. ఊళ్లో ఉన్నన్నాళ్లు పాలు, రొట్టె, చేపలు, డీజిల్ అన్నీ ఆ ఊరి కొట్టులోనే కొనాలి, రెండు పౌండ్లు ఎక్కువైనా సరే. చుట్టుపక్కల ఇంకో కొట్టు లేని చోట ఆ ఒక్క కొట్టూ మూతపడితే నష్టపోయేది నా స్నేహితుడే కదా. ఎలాగూ క్యాసెట్ ఖాళీ చేయడానికి క్యాంప్‌సైట్‌కు వెళ్లక తప్పదు. అక్కడ ఒక రాత్రి డబ్బు కట్టి ఉండాలి. తొట్టి మాత్రం వాడుకుని జారుకోకూడదు. రెండు రాత్రులు స్నేహితుడి దగ్గర, మూడో రాత్రి క్యాంప్‌సైట్‌లో అన్న వరస బండికీ, ఊరికీ, స్నేహానికీ మూడింటికీ సరిపోతుంది. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. స్నేహితుడి ఇంట్లో గదిలో పడుకున్నవాడు మాత్రం ఊరికి ఏం కట్టాడు?

మేనమామ: అసలు మాట చివరికి దాచుకున్నాను, విను. చక్రాల మీద ఇల్లు ఉన్నవాడికి ఎప్పుడంటే అప్పుడు లేచిపోయే వీలుంటుంది. మాట పెడసరంగా మారినా, విసుగొచ్చినా, 'అలసిపోయాం, వెళ్లి పడుకుంటాం' అని తలుపు వేసుకుంటాడు. ఒకే చూరు కింద ఉన్నప్పుడు ఆ వీలుండదు. రాత్రి మాటామాటా అనుకున్న ఇద్దరు పొద్దున్న వంటింట్లో ఎదురుపడి, ఏదో ఒకటి మాట్లాడుకుని, దాన్ని దాటాలి. పళ్లు తోముకుంటున్న మనిషిని, పాత బనీనులో ఉన్న మనిషిని, మందులు మింగుతున్న మనిషిని చూస్తేనే అతనెలా ఉన్నాడో తెలుస్తుంది. సాయంత్రం బాగా తయారై భోజనాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అందరూ బాగానే కనిపిస్తారు. పల్లెలో ఒంటరిగా ఉండే స్నేహితుడి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. అతని దుఃఖం నీకు కనబడేది భోజనం అప్పుడు కాదు, తెల్లవారుజామున. నువ్వు అప్పుడు బండిలో తెరలు వేసుకుని నిద్రపోతుంటావు.

మేనకోడలు: మీరన్న దానికి విలువ ఉంది. ఒంటరిగా, బాధలో ఉన్న స్నేహితుడు లోపల పడుకోమంటే లోపలే పడుకోవాలి. ఆ రాత్రికి బండి గేటు దగ్గర తాళం వేసి ఉంటుంది. ఇందులో నాకు రెండో మాట లేదు. అయితే అన్ని ఇళ్లూ అలాంటివి కావు. అక్కడి పాత క్రాఫ్ట్ ఇల్లు కింద రెండు గదులు, పైన వాలు కప్పు కింద రెండు చిన్న గదులు. అందులో పసిపిల్లలు ఉంటారు, మంచం పట్టిన తల్లి ఉంటుంది, పొద్దున్నే పనికి వెళ్లే మనుషులకు స్నానాల గది ఒక్కటే ఉంటుంది. అలాంటి ఇంటావిడ మా కుటుంబాన్ని రమ్మనాలంటే ముందు పడకల లెక్క చూసుకుంటుంది. లెక్క కుదరక 'వచ్చే ఏడాది చూద్దాం' అంటుంది. వచ్చే ఏడాది కూడా అదే లెక్క. నడివయసులో స్నేహాలు కొడిగట్టేది తగవుల వల్ల కాదు మావయ్యా, ఇలా వాయిదాలు పడి. ఇంట్లో పడుకున్న రాత్రినీ బండిలో పడుకున్న రాత్రినీ మీరు పోలుస్తున్నారు. చాలాసార్లు అసలు పోటీ ఆ రెంటి మధ్య కాదు, బండితో వెళ్లడానికీ అసలు వెళ్లకపోవడానికీ మధ్య. ఇక లేచిపోయే వీలు అన్నారు. ఆ వీలు ఇంటివాళ్లకూ వస్తుంది. పదింటికి పడుకోవలసిన మనిషి అతిథి కోసం పన్నెండుదాకా కళ్లు బలవంతాన తెరుచుకుని కూర్చోనక్కర్లేదు. అలా బలవంతం లేనప్పుడు మాటలు కూడా తొందరగా అసలు సంగతికి వస్తాయి. హైలాండ్స్ పల్లెల పాత అలవాటే చూడండి. చలికాలం రాత్రుళ్లు ఇరుగుపొరుగు అంతా ఒక ఇంట్లో నెగడు చుట్టూ చేరి కథలు, పాటలు, ఊరి కబుర్లు చెప్పుకుని, పొద్దుపోయాక ఎవరింటికి వాళ్లు వెళ్లి పడుకునేవాళ్లు. గేలిక్ పాటలు, కథలు నోటినుంచి నోటికి నిలిచింది ఎక్కువగా అలాంటి ఇళ్లవల్లే. అక్కడ కూడిక నెగడు దగ్గర, నిద్ర ఎవరి చూరు కింద వాళ్లది. నేను బండిలోకి వెళ్లి పడుకోవడం ఆ అలవాటుకు దూరం కాదు. వేసవిలో గాలి పడిపోయిన సాయంత్రం మిడ్జ్ అనే సన్నదోమలు మబ్బులా ముసురుతాయి, బయట కుర్చీలు వేసుకుని కూర్చోవడం కుదరదు. కాబట్టి తినడం, కబుర్లు, గిన్నెలు తోమడం అంతా వాళ్ల వంటింట్లోనే. పొద్దున్న కాఫీ కూడా అక్కడే తాగాలి, బండిలో పొయ్యి వెలిగించకూడదు. మీరు చూడాలన్న పాత బనీను మనిషి నాకు అక్కడే కనిపిస్తాడు.

మేనమామ: పొయ్యి వెలిగించనంటే నా పేచీలో పెద్ద భాగం తీరినట్టే. నాకు కష్టమనిపించింది మంచం తెచ్చుకున్నందుకు కాదేమో, వంట తెచ్చుకున్నందుకు. అయితే నా షరతు ఒకటి రాసుకో. ఎన్ని రాత్రులన్నది నువ్వు చెప్పకూడదు, ఇంటివాళ్లు చెప్పాలి. ఉండమన్నదానికి ఒక్క పూట కూడా మించకూడదు. లోపల పడుకోమని రెండోసారి అడిగితే అది మాటవరసకు కాదని తెలుసుకుని లోపల పడుకోవాలి. ఆ ఇంటి తలుపు నీకు తెరిచి ఉన్నట్టే, నీ బండి తలుపు కూడా పగలంతా వాళ్ల పిల్లలకు తెరిచి ఉండాలి.

మేనకోడలు: రాసుకున్నాను మావయ్యా. పొయ్యి సంగతి మాత్రం మీ చేత ముందే ఒప్పించాల్సింది, ఇంతసేపు పట్టేది కాదు.

వాదం ఇక్కడ ఆగింది. ఇద్దరూ కలిసిన చోటు నాకు న్యాయంగా కనిపిస్తోంది. పడక ఎవరిదైనా కావచ్చు, పొయ్యి మాత్రం ఇంటివాళ్లదే వెలగాలి. ఈ వేసవికి బండి మాట్లాడుకునేవాళ్లకు నా విన్నపం ఒకటే. దారి పటం తెరవకముందే స్నేహితుడికి ఫోన్ చేయండి. ఎప్పుడు రమ్మంటారు, బండి ఎక్కడ ఆపమంటారు, ఎన్ని రాత్రులు ఉండమంటారు, ఈ మూడూ వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. ఇప్పుడు వీలుకాదంటే నొచ్చుకోకండి. బండిని దగ్గర్లో ఉన్న క్యాంప్‌సైట్‌లో పెట్టి, ఒక పూట భోజనానికి మాత్రం వెళ్లి రండి.